తోకచుక్కకు జ్వరం

తెర మీద గీత మళ్లీ కదిలింది. పెద్ద కదలికేమీ కాదు, కొత్తవాళ్లయితే గమనించను కూడా గమనించరు. కానీ డాక్టర్ మంజువాణి కొన్నేళ్లుగా అద్దంలో తన మొహం కంటే ఆ గీతనే ఎక్కువ చూసింది. గీత మధ్యలో వెడల్పుగా ఉండే గూని ఒక పక్క నుంచి కొద్దిగా లోపలికి నొక్కుకుంది. కంప్యూటర్ దానికి అర్థం లెక్కగట్టి పక్కనే చూపించింది: సున్నాకి నూట డెబ్భై ఆరు డిగ్రీల దిగువ. పొద్దున ఆమె వచ్చి కూర్చున్నప్పుడు నూట తొంభై దిగువన ఉన్న పదార్థం, మధ్యాహ్నం భోజనం వేళకి పద్నాలుగు డిగ్రీలు వేడెక్కింది.

ఆమె యంత్రం వైపు చూడలేదు. అద్దానికి అవతల, కంప్రెసర్ పక్కన నిలబడి గొట్టాలు తుడుస్తున్న రెడ్డెప్ప వీపు వైపు చూసింది.

"రెడ్డెప్పా, లోపల ఏమైనా ముట్టుకున్నావా?" మైకులో అడిగింది.

"లేదు మేడమ్. గొట్టాలకి చెమ్మ పట్టింటే తుడస్తా ఉండాను."

"నీ మీటరు ఎంత చూపిస్తోంది?"

రెడ్డెప్ప రాగి దిమ్మెకి బిగించిన మీటరు మీదికి వంగాడు. "నూట తొంభై మేడమ్. రవ్వంత కూడా మార్లేదు. చల్లగానే ఉండాది."

ఒకే పెట్టెలో ఉన్న ఒకే పదార్థానికి రెండు ఉష్ణోగ్రతలు ఎలా ఉంటాయి? మీటరు ఒకటి చెప్తోంది, యంత్రం ఇంకోటి చెప్తోంది. మీటరు దగ్గర రెడ్డెప్ప ఉన్నాడు, యంత్రం దగ్గర తను ఉంది. రెండింట్లో ఏది అబద్ధమాడుతోందో తేల్చుకోవడానికి మంజువాణికి ఆట్టే సేపు పట్టలేదు.

ఇంతకీ ఆ పెట్టెలో ఉన్నదేమిటో చెప్పుకోవాలి. మదనపల్లెకి ఎగువన ఏనుగుమల్లమ్మ కొండ మీద, గాలి ఎప్పుడూ చల్లగా వీచే చోట, శీతల పదార్థాల పరిశోధనాలయం ఉంది. తోకచుక్క మీద వాలిన మన వ్యోమనౌక ఒకటి అక్కణ్ణుంచి పిడికిలంత మంచు ముక్కలు రెండు తెచ్చి ఆ పరిశోధనాలయానికి అప్పగించింది. ఎ ముక్కని పరీక్షలకి పెట్టారు. బి ముక్కని నేలమాళిగలో, చీకటి పెట్టెలో, ఎవరూ తెరవకూడదని సీలు వేసి దాచారు.

అది మన ఫ్రిజ్‌లో గడ్డకట్టే మంచు లాంటిది కాదు. ఫ్రిజ్ మంచులో నీటి అణువులు సినిమా టికెట్ల క్యూ లాగా వరసగా నిలబడి ఉంటాయి. తోకచుక్క మంచు సూర్యుడు పుట్టకముందే, భరించలేనంత చలిలో పేరుకున్నది. అందులో అణువులకి వరసలో నిలబడే ఓపిక లేక, ఎక్కడ పడ్డవి అక్కడే గుంపుగా ఉండిపోయాయి. ఆ గుంపు సందుల్లో అప్పటి వాయువులు ఇరుక్కుపోయి ఉన్నాయి. భూమీ, సముద్రాలూ, మనమూ దేనితో తయారయ్యామో ఆ వాయువులు చెప్పగలవని శాస్త్రవేత్తల ఆశ. కానీ ఆ మంచు సున్నాకి నూట ముప్పై అయిదు డిగ్రీల దిగువ దాకా వేడెక్కిందంటే అణువులు కదిలి వరసలో నిలబడతాయి. సందులు మూసుకుపోతాయి, వాయువులు బయటికి పోతాయి. తర్వాత ఎంత చల్లార్చినా గుంపు మళ్లీ గుంపవదు. ఆ తర్వాత అది వట్టి ఐసుగడ్డ.

అందుకే దాని ఉష్ణోగ్రత ఎంతన్నది పరిశోధనాలయంలో అందరి ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న. ముక్కలోకి థర్మామీటర్ తీగ గుచ్చితే ఆ తీగ వెంబడే గది వేడి లోపలికి నడిచి వెళుతుంది. జ్వరం చూద్దామని పెట్టిన థర్మామీటరే జ్వరం తెప్పిస్తే ఏం లాభం? ముక్కని కూర్చోబెట్టిన రాగి దిమ్మెకి మాత్రం ఒక మీటరు ఉంది. అయితే అది దిమ్మె సంగతి చెప్తుంది గానీ ముక్క సంగతి చెప్పదు. ఆ చిక్కుని విప్పిన మనిషి మంజువాణి. ఆమె యంత్రం ముక్క మీద ఇన్‌ఫ్రారెడ్ దీపం కాంతి పడేట్టు చేస్తుంది. ఆ కాంతిలో కొంత భాగాన్ని నీటి అణువులు మింగేస్తాయి. ఎంత మింగాయో, ఏ రంగు దగ్గర మింగాయో గీతగా గీస్తే, చలిలో ఉన్న గుంపు మంచు వెడల్పాటి గూనిలా కనిపిస్తుంది. మంచు వేడెక్కే కొద్దీ గూని సన్నబడుతుంది, పక్కకి జరుగుతుంది. వరసలో నిలబడిపోతే సూదిగా మొన తేలుతుంది. ముట్టుకోకుండా, గుచ్చకుండా, గీత ఆకారాన్ని బట్టి ఉష్ణోగ్రత చెప్పెయ్యొచ్చు. పత్రాల్లో దానికి బారెడు పేరుంది. పరిశోధనాలయంలో మాత్రం అందరూ "మేడమ్ కన్ను" అనేవాళ్లు.

ఆ పేరు ఊరికే రాలేదు. మంజువాణి పుట్టుకతోనే అనుమానం మనిషి. పూలమ్మి మూర వేస్తుంటే పూలు చూడదు, మోచేయి చూస్తుంది. నీళ్ల ట్యాంకర్ వస్తే కర్ర దించి లోతు కొలుస్తుంది. పెళ్లయిన కొత్తలో భర్త "పులుసు అదిరింది" అంటే "ఏం కావాలి నీకు?" అని అడిగిందట. సైన్సుకి అనుమానం పనికొచ్చే గుణమే. ఆమె పైకి రావడానికి అదే కారణం కూడా. కాకపోతే ప్రయోగశాల తలుపు దాటాక ఆ గుణాన్ని గోడకున్న కొక్కేనికి తగిలించి రావడం ఆమెకి చేతకాదు.

రెడ్డెప్ప అంతకుముందు మదనపల్లె టమాటా కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాడు. కంప్రెసర్ కూత విని దానికేం కావాలో చెప్పగలడని తీసుకొచ్చారు. మనిషి కలుపుగోలు, నోట్లో ఎప్పుడూ ఏదో పాట. ఎ ముక్కని "మన బిడ్డ" అనేవాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అతను, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా మస్తాన్ వలీ కంప్రెసర్ దగ్గర ఉండేవాళ్లు. మస్తాన్ వలీ పాటలు పాడడు, పెద్దగా మాట్లాడడు. మంజువాణికి మాట్లాడని మనుషుల మీద కొంచెం తక్కువ అనుమానం.

ఆ రోజు నుంచి ఆమె రెడ్డెప్ప మీద కన్నేసింది. అతను డ్యూటీ ఎక్కగానే దీపం వెలిగించి, అతను దిగిపోయే దాకా గీత ముందు నుంచి లేచేది కాదు. మొదట్లో గూని వెడల్పుగా, బుద్ధిగా ఉండేది. గంటలు గడిచే కొద్దీ సన్నబడుతూ వచ్చేది. మస్తాన్ వలీ వచ్చాక ఆమె దీపం ఆర్పేసి టీకి వెళ్లేది. సాయంత్రం ఇంటికి వెళ్లబోయే ముందు ఒక్కసారి దీపం వేసి చూస్తే, మంచు మళ్లీ చల్లబడి గూని ఎప్పటి చోటికి చేరుకుని ఉండేది. రోజూ ఇదే వరస. రెడ్డెప్ప ఉంటే జ్వరం, మస్తాన్ వలీ వస్తే నెమ్మది.

ఇంతకన్నా రుజువు ఏం కావాలి? అయినా ఆమె ఇంకా రుజువులు వెతికింది, దొరికాయి కూడా. పెట్టెకి ఒక పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది, దాని మీద ఇనుప మూత. ఆ మూత మర అరిగి తళతళలాడుతోంది. ఎవరో తరచూ తిప్పుతున్నారన్నమాట. గాజు మీద, ఆమె నడుము ఎత్తున, నూనె మరక ఉంది. అంటే ఎవరో పిల్లవాడు నుదురు ఆనించి చూశాడు. రెడ్డెప్ప బల్ల కింద సంచిలో సీతాఫలాలు కనిపించాయి. మర్నాడు చూస్తే పచ్చి వేరుశనగలు.

"ఎక్కడివి రెడ్డెప్పా?"

"తెలిసినోళ్లు ఇచ్చినారు మేడమ్. తినండి, కొత్త కాయ."

"ఎందుకిచ్చారు?"

రెడ్డెప్ప పాట ఆపేశాడు. "అభిమానం మేడమ్," అని గొట్టాల వైపు తిరిగాడు. తిరిగిన తీరు ఆమెకి నచ్చలేదు. ఏదో దాస్తున్నాడని ఆమెకి అనిపించింది. అది మాత్రం నిజమే.

రెండు రోజుల తర్వాత ఆమె మీటింగు ఉందని చెప్పి బయటికి వెళ్లి, వెనక తలుపు నుంచి తిరిగొచ్చింది. కంప్రెసర్ గదిలో రెడ్డెప్ప, అతనితో ఒక ముసలాయన, ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. కిటికీ మూత తీసి ఉంది. రెడ్డెప్ప లోపలికి చిన్న టార్చి వేసి చూపిస్తున్నాడు. ముసలాయన చెప్పులు విప్పి గుమ్మం బయట పెట్టొచ్చాడు, చేతులు జోడించి గాజులోకి చూస్తున్నాడు. "ఇంతేనా సామీ? మా తాత తోకచుక్క అంటే ఆకాశం అంత ఉంటాదని చెప్పినాడే," అంటున్నాడు నెమ్మదిగా.

మంజువాణిని చూసి రెడ్డెప్ప చేతిలో టార్చి ఆరిపోయింది.

విచారణ డైరెక్టర్ పురుషోత్తం గదిలో జరిగింది. పురుషోత్తం గొడవలంటే గిట్టని మనిషి. దోషి ఎవరో తొందరగా తేలితే అందరికీ మంచిదని ఆయన నమ్మకం.

"ఎంతమందికి చూపించావయ్యా?"

"లెక్క లేదు సార్. కింద అంగళ్లు ఊర్నుంచి, కురబలకోట నుంచి వస్తారు. మాకు చూపీరా రెడ్డెప్పా అంటే కాదనలేకపోతిని. వాళ్లు తోకచుక్కని యాడ చూస్తారు సార్? మూత ఎత్తి, రవ్వంతసేపు టార్చి ఏసి మూసేసేది. దుడ్లు తీసుకోలేదు. కాయా కసురు ఇస్తే వద్దనలేదు."

"చూపించిన ప్రతిసారీ ఏమైందో చూస్తావా?" అని మంజువాణి తెర అతని వైపు తిప్పింది. "ఇదిగో, నీ షిఫ్టు. ఇదిగో, ఆయన షిఫ్టు. నీ టైములో పద్నాలుగు డిగ్రీలు, పదిహేడు డిగ్రీలు. ఆయన టైములో సున్నా. సందుల్లో ఉన్న వాయువు కొంత ఇప్పటికే బయటికి పోయింది. అది తిరిగి రాదు."

"మీటరు మార్లేదు గదా మేడమ్?"

"మీటరు దగ్గర నువ్వున్నావు. మనిషి మర్చిపోవచ్చు, మాట మార్చొచ్చు. ఈ గీతకి నువ్వెవరో తెలీదు, నేనెవరో తెలీదు. మంచు తన సంగతి తను చెప్పుకుంటోంది."

రెడ్డెప్ప తెర దగ్గరికి వచ్చాడు. తన షిఫ్టులో సన్నబడుతున్న గూనినీ, మస్తాన్ వలీ షిఫ్టులో వెడల్పుగా ఉన్న గూనినీ మార్చి మార్చి చూశాడు. వాదిస్తాడని, తిరగబడతాడని మంజువాణి సిద్ధంగా ఉంది. అతను వాదించలేదు. కుర్చీ లేకపోయినా కూర్చోబోయి, గోడ పట్టుకున్నాడు.

"అయితే నేనే చెరిపినానా దాన్ని?" అన్నాడు. "అంత పాతదాన్ని... సూర్యుని కంటే ముందర్ది అని చెప్తిరే... నా చేత్తోనే..." టవల్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మంజువాణికి ఒక్క క్షణం జాలేసింది. వెంటనే ఆ ఏడుపు నిజమో కాదో అని అనుమానమూ వేసింది.

అతన్ని ఆ రోజే పంపించేశారు. ముందు మస్తాన్ వలీ ఒక్కడే రెండు పూటలా చూసుకున్నాడు, తర్వాత ఇంకో మనిషిని ఇచ్చారు. మంజువాణికి ఇక పొద్దస్తమానం గీత ముందు కాపలా కూర్చునే పని లేకపోయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దీపం వేసి చూసేది. ముక్క నూట తొంభై దగ్గర రాయిలా ఉంది. వారాలు గడిచాయి, జ్వరం జాడ లేదు. రెడ్డెప్ప వెళ్లిపోవడమే అతని నేరానికి చివరి రుజువైంది. కొంచెం మెత్తగా మాట్లాడే వాళ్లు కూడా "మేడమ్ కన్ను ఊరికే అనలేదబ్బా" అని ఒప్పుకున్నారు.

ఆమె కీర్తి కొండ దిగి దేశాలు దాటింది. మంచు మోసం పట్టిచ్చిందని పత్రికలు రాశాయి. ఐస్‌క్రీం కంపెనీల వాళ్లు, చేపలు ఎగుమతి చేసేవాళ్లు వచ్చి, మా గోదాముల్లో కూలీలు తలుపులు తెరిచి పెడుతున్నారేమో కనిపెట్టే చిన్న కన్ను చేసిపెట్టమన్నారు. ఆమె చేసిపెట్టింది. దాని వల్ల ఎవరెవరి ఉద్యోగాలు పోయాయో ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

అప్పుడు విదేశీ శాస్త్రవేత్తలు కొందరు కొండ మీదికి వచ్చారు. వాళ్ల ముందు రోజంతా, ఆపకుండా, క్షణక్షణం తోకచుక్క ఉష్ణోగ్రత చూపించాలని మంజువాణి ఏర్పాటు చేసింది. హాల్లో గోడంత తెర. పొద్దున దీపం వెలగగానే నూట తొంభై అని పడింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె మాట్లాడుతూనే ఉంది. తోకచుక్క గురించీ, గీత గురించీ, తన కన్ను దేన్నీ ముట్టుకోకుండా ఎలా చూస్తుందో దాని గురించీ చెప్పింది. వెనక తెర మీద నూట ఎనభై రెండు పడింది. నూట డెబ్భై నాలుగు పడింది. ముందు వరసలో ఒకావిడ చేయెత్తి తెర వైపు చూపించింది.

మంజువాణి వెనక్కి తిరిగి చూసింది. ఆ వెంటనే కోపం వచ్చింది. మెట్లు దిగి కంప్రెసర్ గదిలోకి దూసుకెళ్లింది.

"ఏం చేశావ్ మస్తాన్ వలీ?"

"నేనేం చేసినా మేడమ్? ఈడే నిలబడుకోనుండా. మీటరు చూడండి, నూట తొంభై."

అదే మాట, అదే మీటరు. వీడూ ఆ రెడ్డెప్ప మనిషే, ఇద్దరూ కలిసే చేశారు, నేనే కనిపెట్టలేకపోయాను అనుకుంది. "బయటికి వెళ్లు," అంది. అతను వెళ్లాడు. కొత్త మనిషిని పంపించేసింది. ఏమైందంటూ వచ్చిన పురుషోత్తాన్ని కూడా గుమ్మంలోనే ఆపి, "సార్, మీరు కూడా," అని తలుపు వేసి లోపల గొళ్లెం పెట్టింది. కిటికీ మూత బిగించింది, ముద్ర వేసింది. చేతులు కట్టుకుని కంప్రెసర్ పక్కనున్న చిన్న తెర, దీపం మీట ముందు కూర్చుంది.

గీత ఇంకా సన్నబడుతోంది. నూట అరవై. ఎక్కడో ఎవరో ఏదో చేస్తున్నారు. ఇంకా స్పష్టంగా చూస్తే దొరికిపోతారు. ఆమె చెయ్యి చాపి దీపం కాంతి పెంచింది.

అంకె ఎగిరింది. నూట నలభై అయిదు. నూట ముప్పై అయిదు. గూని మధ్యలోంచి సన్నగా ఒక మొన లేచింది. అణువులు వరసలో నిలబడేటప్పుడు కాస్త వేడి వదుల్తాయి, ఆ వేడికి పక్కవి కదులుతాయి, వాటి వేడికి వాటి పక్కవి. మొన చూస్తుండగానే సూది అయింది. పెట్టెలోంచి బయటికి పోయే వాయువుని కొలిచే మీటరు ముల్లు గిర్రున తిరిగి చివర కొట్టుకుని ఆగింది. సూర్యుడి కంటే పాతదైన గాలి పంపు గొట్టంలోంచి వెళ్లిపోయింది.

ఎవరు? అని ఆమె గది చుట్టూ చూసింది. తలుపుకి గొళ్లెం ఉంది. మూతకి ముద్ర ఉంది. కంప్రెసర్ తన మానాన తను కూస్తోంది. అనుమానించడానికి ఇంకెవరూ మిగల్లేదు. తను ఉంది, మంచు ముక్క ఉంది, ఆ రెండింటి మధ్యా దీపం వెలుగుతోంది.

దీపం ఆర్పింది. కాసేపు చీకట్లో కూర్చుని, కాంతి బాగా తగ్గించి, అప్పుడప్పుడూ ఒక్కో రెప్పపాటు వేసి చూసింది. సూది మొన అలాగే ఉంది. కానీ వేడి తగ్గిపోతోంది, తగ్గుతూ తగ్గుతూ నూట తొంభై వైపు వెళుతోంది. అప్పుడు మంజువాణికి అంతా అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండుననిపించింది.

పొరపాటు ఆమె మొదటి ప్రయోగాల్లోనే ఉంది. కన్ను తయారుచేసేటప్పుడు నిజం తోకచుక్క ముక్క చేతిలో లేదు. అందుకని నీళ్లూ, ధూళీ కలిపి తోకచుక్క లాంటి మంచుని ప్రయోగశాలలోనే చేసుకుంది. దాన్ని రాగి రేకు మీద సన్నటి పొరగా, గట్టిగా పేర్చింది, అలా చేస్తే గీత శుభ్రంగా వస్తుంది కాబట్టి. ఆ పొర మీద దీపం ఎంతసేపు వేసినా ఆ వేడి రాగిలోకి జారిపోయేది. నిజం ముక్క అలాంటిది కాదు. అది నురగలా గుల్లగా ఉంది. పైన పడిన వేడి కిందికి దిగడానికి దారే లేదు. రాగి నూట తొంభై దగ్గరే ఉంటుంది, పైభాగం వేడెక్కుతూ పోతుంది. మీటరూ నిజమే చెప్పింది, యంత్రమూ నిజమే చెప్పింది. రెడ్డెప్ప కూడా నిజమే చెప్పాడు. అతని షిఫ్టులో జ్వరం ఎందుకొచ్చిందంటే, అతన్ని అనుమానించి ఆమె అతని షిఫ్టులోనే దీపం వేసుక్కూర్చుంది. అతని టార్చి ఆ మందపాటి గాజులోంచి ఆ రవ్వంతసేపట్లో చేసింది ఏమీ లేదు.

పురుషోత్తానికి ఆ సాయంత్రమే చెప్పింది. ఆయన తలుపు వేసొచ్చి గొంతు తగ్గించాడు.

"మస్తాన్ వలీ ఏమైనా బెదిరించాడా? యూనియన్ వాళ్లా?"

"ఎవరూ లేరు సార్. తప్పు నాది."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నారు? ఎవర్ని కాపాడ్డానికి?" ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అన్ని కంపెనీలు మీ కన్ను కొన్నాయి మంజువాణి గారూ. గీత అబద్ధమాడదని మీరే కదా అన్నారు. ఇప్పుడు మీరు వచ్చి ఆడిందంటే ఎవరు నమ్ముతారు?"

"గీత అబద్ధమాడలేదు సార్. నేనే తప్పు చదివాను."

ఆమె తప్పుని ఒప్పుకుంటూ పత్రం పంపింది. దాన్ని పరిశీలించడానికి కమిటీ వేశారు. ఆమె ఎందుకు ఒప్పుకుంటోందో ముందుగా కమిటీ తేల్చాలట.

రెడ్డెప్ప మదనపల్లె టమాటా మార్కెట్‌లో ఉన్నాడు. పాత కోల్డ్ స్టోరేజీ వాళ్లు రమ్మన్నా వెళ్లలేదట. లారీల దగ్గర క్రేట్లు ఎక్కిస్తున్నాడు. మనిషి సగమయ్యాడు, నోట్లో పాట లేదు. మంజువాణి ఎండలో నిలబడి అతని చెయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగింది.

"రెడ్డెప్ప గారూ," అంది.

ఇన్నేళ్లలో లేని గారు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందా అన్నట్టు అతను చూశాడు. "ఏమి మేడమ్, మళ్లీ ఏమన్నా అయిందా? నాకేం తెలీదు. కొండ దిగినాక మళ్లా ఆపక్క చూసింది లేదు."

"మీ తప్పేమీ లేదు. ముక్క మీ వల్ల చెడిపోలేదు. నా దీపం వల్ల చెడిపోయింది."

"మిగతాది గూడా పోయిందంట గదా, పేపర్లో ఏసినారు," అన్నాడు అతను, ఆమె మాట వినిపించనట్టు. "నేను పెట్టిన తెగులే మేడమ్. కాయ ఒగటి మెత్తబడితే క్రేటంతా పోతాది. నాకు తెలీదా."

ఆమె చెప్పింది, మళ్లీ చెప్పింది. అతను తల ఊపుతూ విన్నాడు, నమ్మలేదు. చివరికి "ఒక్కసారి కొండ మీదికి రండి, కళ్లారా చూపిస్తాను," అని బతిమాలింది. ఆమె ఎవర్నైనా బతిమాలడం ఆమెకే కొత్త. అతను పోనీలే అని వచ్చాడు.

ఆమె ముందే నురగలాంటి మంచు చేసి పెట్టింది, తోకచుక్క ముక్క ఎంత గుల్లగా ఉంటుందో అంత గుల్లగా. రెడ్డెప్పని తన పక్కనే కుర్చీలో కూర్చోబెట్టుకుంది. కంప్రెసర్ గదిలో ఎవరూ లేరు. దీపం వేసింది. గీత సన్నబడింది, అంకె ఎక్కింది. దీపం తీసింది. కాసేపాగి చూస్తే అంకె దిగింది. మళ్లీ వేసింది, మళ్లీ ఎక్కింది.

"చూశారా? మీరిక్కడున్నారు. అక్కడ మనిషే లేడు. అయినా వేడెక్కింది."

రెడ్డెప్ప శ్రద్ధగా చూశాడు. "ఈ మంచు ఎవురు చేసింది మేడమ్?"

"నేనే."

"ఈ మిషను?"

"అదీ నేనే."

"దీపం ఏసేది, తీసేది?"

"నేనే."

అతను మెల్లగా తల పంకించాడు. "ఇది మీరు చేసిన మంచు మేడమ్. మీరు చెప్పినట్టే ఇంటాది. ఆ పొద్దు చెప్పింది తోకచుక్క. దానికి మీరెవురో తెలీదు, నేనెవురో తెలీదు."

"అయితే బి ముక్క ఉంది," అంది మంజువాణి ఒక్కసారిగా. "అది నిజం తోకచుక్కే. దాని మీద వేసి చూపిస్తాను. అప్పుడు నమ్ముతారా?" తనేం మాట్లాడుతోందో ఆమెకి తెలుసు. ప్రపంచంలో మిగిలిన ఆఖరి ముక్క అది. అయినా ఆ క్షణంలో నిజంగానే తాళాల గుత్తి చేతిలోకి తీసుకుంది.

రెడ్డెప్ప కుర్చీలోంచి లేచి గోడ దాకా వెనక్కి వెళ్లాడు. "వద్దు మేడమ్! మీకు దండం పెడతా. నేనుండే చోట దాని పెట్టె తియ్యొద్దండి. అదన్నా బతకనీండి." తన చేతుల్ని వెనక దాచుకున్నాడు, అవి ఎక్కడ ఏం ముట్టుకుంటాయోనని భయపడుతున్నట్టు.

ఆమె తాళాలు బల్ల మీద పెట్టేసింది. అతను స్థిమితపడి, టవల్ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్లి తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"నా మనసు కుదుటపడాలని ఇంత మిషను పెట్టి, ఇంత కష్టపడి అబద్ధం చెప్తా ఉండారు. మీరు శానా మంచోళ్లు మేడమ్," అని, చేతులు ఎంత తక్కువ చాపితే అంత తక్కువ చాపి నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు.

మంజువాణిని అంతవరకూ ఎవరూ మంచిదని అనలేదు. ఆ మాట అన్న మొదటి మనిషిని నమ్మించడానికి ఆమె దగ్గర ఇంక ఏ యంత్రమూ లేదు.